లారీ గుద్దినాక మొదటి పది రోజులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాలు చాలావరకు హైవే గురించే వచ్చాయి. మన నెల్లూరు, ప్రకాశం వాళ్లకి 16వ నంబరు హైవే గురించి కొత్తగా చెప్పేదేముంది. కృష్ణపట్నం పోర్టు బొగ్గు టిప్పర్లు, చీమకుర్తి రాళ్లు మోసే ట్రైలర్లు, రొయ్యల బండ్లు, వాటి మధ్యలో పాల క్యాన్లు కట్టుకోని మన టీవీఎస్‌లు. నేను ఒంగోలులో చాలా ఏళ్లుగా ప్రమాద కేసులు చూస్తున్నా, గెలవాల్సిన కేసు పోయిందంటే దాదాపు ప్రతిసారీ మొదటి పది రోజుల్లో ఎవరో చెప్పిన ఒక మాట వల్లో, పెట్టిన ఒక సంతకం వల్లో పోతుంది. అందుకే ఐదు ఉత్తరాలకి కొంచెం వివరంగా రాస్తున్నా, పేర్లు తీసేశాను.

అన్నా నమస్తే, మాది కావలి దగ్గర పల్లెటూరు. మా ఆయన బేల్దారి మేస్త్రి, 34 ఏళ్లు. 12 రోజుల కింద పని చూసుకోని బండి మీద వస్తుంటే హైవే మీద టిప్పర్ వెనక నుంచి గుద్దింది. కుడికాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది, రాడ్లు వేసినారు. ఆస్పత్రిలో మా మరిది కేసులెందుకులే అని బండి జారి పడ్డాడని చెప్పినాడంట. ఇప్పుడు టిప్పర్ ఓనరు తరఫున ఇద్దరొచ్చి 40 వేలిస్తాం, ఈ కాయితాల మీద సంతకం పెట్టండి, కేసు పెడితే ఏళ్లకేళ్లు తిరగాల, చేతికేం రాదు అంటున్నారు. మా ఆయనకి హెల్మెట్ లేదు, లైసెన్స్ డేటు కూడా అయిపోయి ఉండాది. ఇప్పటికే లక్షా ఎనభై వేలు అప్పయింది. తీసుకోమంటారా?

వద్దు చెల్లెమ్మా, ఆ కాయితాల మీద మీరు గానీ మీ ఆయన గానీ సంతకం పెట్టొద్దు, వేలిముద్ర కూడా వద్దు. ఖర్చులకి ఉంచుకోండి అని ఊరికే ఇస్తే, సంతకం అడక్కపోతే, అది వేరే సంగతి, తీసుకుంటే కూడా తేదీ వేసి ఎంతిచ్చారో మీ దగ్గర రాసి పెట్టుకోండి. రాజీ పడ్డాం, మాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు అని రాసిన కాయితం మాత్రం రేపు మీ మీదికే వస్తుంది.

ముందు ఒకటి అర్థం చేసుకోండి, చాలామంది ఇక్కడే పొరబడతారు. పాపం ఓనరు ఎక్కడినుంచి తెస్తాడు అని మనవాళ్లు జాలి పడతారు. ఆ డబ్బు ఓనరు జేబులోంచి కాదు, టిప్పర్‌కి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (ఆ బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి చేసేది) ఉంటే కంపెనీ ఇస్తుంది, మనిషికి దెబ్బ తగిలినా ప్రాణం పోయినా దానికి ఇంతే అని లిమిట్ లేదు. ఎంపరివాహన్ యాప్‌లో టిప్పర్ నంబరు కొడితే ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో కనిపిస్తుంది, ప్రమాదం జరిగిన రోజుకి ఉందా లేదా అనేదే చూడాలి, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

40 వేలు ఎక్కడ, అసలు లెక్క ఎక్కడ, ఒకసారి వేసి చూద్దాం. మీ ఆయనకి నెలకి 15 వేలు ఆదాయం అని కోర్టు ఒప్పుకుందనుకోండి, ఏడాదికి లక్షా 80 వేలు. సొంత పని చేసుకునేవాళ్లకి 40 ఏళ్ల లోపైతే ముందు ముందు పెరిగే ఆదాయం కింద 40 శాతం కలపమని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది, అప్పుడు 2 లక్షల 52 వేలు. 31 నుంచి 35 ఏళ్ల వయసుకి 16తో గుణిస్తారు, 40 లక్షల 32 వేలు. కాలు వల్ల పని చేసే శక్తి 30 శాతం పోయింది అని తేలితే అందులో 30 శాతం, అంటే 12 లక్షల 9 వేల 600. దీనికి ఆస్పత్రి బిల్లులు, మంచాన ఉన్న నెలల కూలి, దగ్గరుండి చూసుకున్న మనిషి ఖర్చు, బాధకి పరిహారం విడిగా. ఇంతే వస్తుందని నేను రాసివ్వలేను, కాలు బాగా అతికితే తగ్గుద్ది, అతక్కపోతే పెరుగుద్ది. కానీ మీ ఇంటికొచ్చిన ఆ ఇద్దరు 40 వేలు అన్నది ఏ లెక్కకీ దగ్గర్లో లేదు. ఇంకొకటి, డాక్టరు కాలు వరకు చూసి 20 శాతం అని రాసినా, పరంజా ఎక్కి నిలబడి గోడ కట్టే మేస్త్రికి ఆ కాలు పోతే పనే పోయినట్టు, కుర్చీలో కూర్చునే గుమాస్తాకి అలా కాదు, ఆ తేడా కోర్టు చూడాలని సుప్రీంకోర్టు తీర్పులే ఉన్నాయి. అందుకే ఆయన ఏ పని చేసేవాడో చెప్పే సాక్ష్యం ముఖ్యం, కాంట్రాక్టర్ ఎవరైనా ఇంత కూలి ఇస్తున్నా అని కోర్టుకొచ్చి చెప్పగలిగితే బాగా పనికొస్తుంది. ఫోన్‌పేలో కూలి పడిన మెసేజ్‌లు ఉంటే చెరపొద్దు.

ఇప్పుడు మీ మరిది చెప్పిన మాట. ఆయన మంచికే చెప్పాడు, తిట్టకండి, ఆ టైంలో ఎవరికైనా భయమే. కానీ ఆస్పత్రి కేస్ షీట్‌లో బండి జారి పడ్డాడు అని ఒక్క లైను ఉందంటే ఇన్సూరెన్స్ కంపెనీ లాయర్ చివరిదాకా దాన్నే పట్టుకుంటాడు. నేను చూసిన ఒక కేసులో మనిషి తొడ ఎముక పిండి పిండి అయ్యింది, టిప్పర్ బంపర్‌కి బండి రంగు అంటుకోని ఉంది, అయినా కేస్ షీట్‌లో రాసిన ఆ మూడు మాటల కోసం రెండేళ్లు వాదన నడిచింది. కాబట్టి ఆలస్యం చెయ్యకుండా స్టేషన్‌లో ఫిర్యాదు రాసివ్వండి, అందులో దాచకుండా రాయండి: ప్రమాదం ఎప్పుడు ఎక్కడ ఎలా జరిగింది, టిప్పర్ నంబరు, చూసినవాళ్లు ఎవరు, ఆస్పత్రిలో కంగారులో మా మరిది ఇలా చెప్పాడు, ఆపరేషన్ హడావుడిలో ఇన్ని రోజులు రాలేకపోయాం అని. ఆలస్యానికి సరైన కారణం ఉంటే ఆలస్యం ఒక్కదాని మీద క్లెయిమ్ కొట్టెయ్యరు. మీ మరిదిని కూడా ఇదే వాంగ్మూలం ఇవ్వమనండి. ఎఫ్ఐఆర్ కాపీ ఫ్రీగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. ఎవరైనా తీసుకోం అంటే అదే ఫిర్యాదు ఎస్పీ గారికి రిజిస్టర్ పోస్టులో పంపండి, రసీదు జాగ్రత్త.

కేసు అయ్యాక పోలీసులు స్పాట్‌కి పోయి పంచనామా రాస్తారు, బ్రేక్ ఇనస్పెక్టర్ రెండు బండ్లూ చూసి రిపోర్టిస్తాడు. మీ ఆయన బండి రిపేరుకి ఇవ్వకండి, వెనక మడ్‌గార్డ్ ఎట్లా లోపలికి పోయిందో అదే వెనక నుంచి గుద్దిందనడానికి సాక్ష్యం. ఫోటోలు తీసి పెట్టండి. దారిలో టోల్ గేటు ఉంటే, పెట్రోలు బంకు, దాబా ఏదైనా ఉంటే సీసీ కెమెరా రికార్డింగ్ కోసం పోలీసులకి రాసివ్వండి, అవి కొన్నాళ్లకి వాటంతటవే చెరిగిపోతాయి, 12 రోజులు అయిపోయాయి కాబట్టి ఈ ఒక్క పని మాత్రం రేపటికి పెట్టొద్దు. 2022 మోటారు వాహనాల రూల్స్ ప్రకారం పోలీసులు 48 గంటల్లో మొదటి రిపోర్టు, 90 రోజుల్లో పూర్తి రిపోర్టు ట్రిబ్యునల్‌కి, అంటే ప్రమాద పరిహారం తేల్చే కోర్టుకి, పంపాలి, పంపారా అని అడిగే హక్కు మీకుంది.

హెల్మెట్ సంగతి. దెబ్బ తగిలింది కాలికి, హెల్మెట్ ఉన్నా కాలు విరిగేదే గదా, దాన్ని చూపించి పరిహారం తగ్గించడానికి లేదు. లైసెన్స్ డేటు అయిపోవడం తప్పే, దానికి ఫైన్ వేరే, కానీ వెనక నుంచొచ్చిన టిప్పర్ గుద్దడానికి మీ ఆయన లైసెన్స్ కారణం కాదు.

క్లెయిమ్ వెయ్యడానికి చట్టంలో ఆరు నెలల గడువుంది, దాని మీద సుప్రీంకోర్టులో వాదన నడిచింది గానీ మీరు ఆ గొడవలోకి పోవద్దు, ఆరు నెలల్లోపే వేసెయ్యండి. ప్రమాదం జరిగిన చోటే కాదు, మీరు ఉండే చోటు ట్రిబ్యునల్‌లో కూడా వెయ్యొచ్చు. తప్పు ఎవరిదో చూడకుండా ఎముక విరిగిన కేసుకి 2 లక్షల 50 వేలు, మనిషి పోతే 5 లక్షలు ఇచ్చే సెక్షన్ మోటారు వాహనాల చట్టంలో ఒకటుంది, 164. త్వరగా వస్తుందని ఎవరైనా దాంట్లోకి తోస్తే ఒప్పుకోకండి, అది పుచ్చుకుంటే పెద్ద క్లెయిమ్ పోతుంది. లాయర్‌కి డబ్బుల్లేవు అంటారేమో, ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ లాయర్‌ని ఫ్రీగా పెడుతుంది, 15100కి ఫోన్ చెయ్యండి లేదంటే కోర్టులో ఉన్న ఆఫీసుకి పోండి. కాకపోతే దెబ్బ తగిలింది మీ ఆయనకి కాబట్టి అర్జీ ఆయన పేరు మీద పోవాలి, ఆయన ఆదాయం చూస్తారు, కూలి పని ఆదాయానికి సాధారణంగా ఇబ్బంది రాదు. వచ్చినదాంట్లో ఇంత శాతం నాకు అని లాయర్ రాయించుకోవడం బార్ కౌన్సిల్ రూల్స్‌కే విరుద్ధం, ఆస్పత్రి వరండాలో దొరికే ఏజెంట్ల దగ్గర అసలు కాయితాలు పెట్టొద్దు, జిరాక్సులు మాత్రమే.

ఒక్క చిన్న పని చెయ్యండి చెల్లెమ్మా, పిల్లల పాత స్కూలు బ్యాగు ఏదైనా తీసి బిల్లులు, ఎక్సరేలు, మందుల చీటీలు, ఆటో కిరాయి రాసిన కాయితం అన్నీ దాంట్లో వెయ్యండి, ఇంట్లో ఒక్క మనిషే దాన్ని చూసుకోవాల. నలుగురి చేతుల్లో తిరిగితే అందులో సగం పోతాయి. రాడ్లు తీసే ఆపరేషన్ ముందు ముందు ఉంటుంది, దానికెంత అవుతుందో డాక్టర్ దగ్గర రాయించుకోండి, అది కూడా అడగొచ్చు.

మీ విషయంలో టైం దాటిపోయింది గానీ మిగతావాళ్లు గుర్తుపెట్టుకోండి: 2025 మే నుంచి కేంద్రం స్కీములో రోడ్డు ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజులు, లక్షా 50 వేల వరకు, స్కీములో ఉన్న ఆస్పత్రిలో డబ్బు కట్టకుండా వైద్యం ఉంది. 112కి ఫోన్ చేస్తే దగ్గర్లో ఏ ఆస్పత్రి ఉందో చెప్తారు. దానికి ఇది రోడ్డు ప్రమాదమే అని పోలీసులు వెంటనే ధ్రువీకరించాలి. జారి పడ్డాడు అని చెప్తే ఆ దారి కూడా మూసుకుపోయినట్టే.

సార్, మాది సింగరాయకొండ దగ్గర. రెండు నెలల కింద మా అన్న తెల్లవారుజామున చేపల కోసం బండి మీద పోతుంటే ఏదో లారీ గుద్ది వెళ్లిపోయింది. అన్న అక్కడే చనిపోయాడు. లారీ ఏదో తెలీదు, ఎవరూ చూడలేదు. లారీ దొరక్కపోతే మాకేం రాదా?

మీ వదిన, పిల్లలు ఎలా ఉన్నారో రాయలేదు తమ్ముడూ, ముందు వాళ్ల దగ్గర ఎవరో ఒకరు ఉండేట్టు చూసుకోండి.

లారీ దొరక్కపోయినా వస్తుంది. గుద్ది పారిపోయిన బండి దొరకని కేసుల్లో 2022 ఏప్రిల్ నుంచి మనిషి చనిపోతే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు ఇస్తున్నారు. అంతకుముందు చనిపోతే 25 వేలే ఉండేది. ఇది కోర్టులో కాదు, రెవెన్యూ వాళ్ల దగ్గర అర్జీ పెట్టాలి. ప్రమాదం జరిగిన ప్రాంతం ఆర్డీఓ ఆఫీసులోనో తాసీల్దారు ఆఫీసులోనో హిట్ అండ్ రన్ పరిహారం ఫారం 1 అని అడగండి, వాళ్లు విచారించి పంపితే కలెక్టర్ మంజూరు చేస్తారు, డబ్బు మీ వదిన బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, డెత్ సర్టిఫికెట్, ఆధార్, పాస్‌బుక్ జిరాక్సులు పట్టుకుపోండి. ఇలాంటి పథకం ఉందని పోలీసులే బాధితులకి చెప్పాలని 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది, మీకెవరూ చెప్పి ఉండరు.

అర్జీ పెట్టినా సరే లారీ వెతకడం ఆపొద్దు. దొరికితే వచ్చేదానికీ ఈ 2 లక్షలకీ పోలికే లేదు, అప్పుడు ఈ 2 లక్షలు దాంట్లో తగ్గించుకుంటారు అంతే. టంగుటూరు టోల్ గేటు దాటిన లారీల ఫాస్టాగ్ లెక్క టైంతో సహా ఉంటుంది, వీడియో చెరిగిపోయినా ఇది ఉండొచ్చు. అది మీరు అడిగితే ఇవ్వరు, పోలీసులు అడగాలి, అడగమని మీరు రాసివ్వాలి. స్పాట్‌లో పగిలిన హెడ్‌లైట్ గాజు ముక్క, రంగు పెచ్చు లాంటివి పంచనామాలో ఉన్నాయేమో కాపీ తీసుకోని చూడండి.

ఇంకోటి, మీ అన్న నడిపిన బండి ఆయన పేరు మీదే ఉండి, లైసెన్స్ ఉండి, బండి పాలసీలో ఓనర్ డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ అని ప్రీమియం కట్టి ఉంటే 15 లక్షలు ఉంటుంది. ఈ మాట తెలియక ఎన్ని కుటుంబాలు వదిలేశాయో, బండి సీటు కింద డబ్బాలో ఆ పాలసీ కాయితం ఉందేమో ఇవాళే చూడండి.

అన్నా నేను ముత్తుకూరు సైడు టిప్పర్ డ్రైవర్‌ని. పోర్టు నుంచి లోడు. ఇంతవరకు దేవుడి దయ వల్ల ఏం జరగలా. కానీ ఏదన్నా జరిగితే ఆగితే జనం చంపేస్తారు, ఆగకపోతే కొత్త చట్టంలో పదేళ్లు జైలంట. మేం ఏం చెయ్యాల?

ఇది అడిగినందుకు నీకు దండం పెట్టాలబ్బాయ్, లారీ వాళ్ల భయం గురించి ఎవరూ రాయరు.

పదేళ్లు అన్న సెక్షన్, ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 106 రెండో భాగం, లారీ వాళ్లు సమ్మె చేశాక పక్కన పెట్టారు. 2024 జులై 1 నుంచి మిగతా చట్టం అంతా అమల్లోకొచ్చింది గానీ ఆ ముక్క రాలేదు. ఇప్పుడు నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే ఐదేళ్ల దాకా శిక్ష పడే సెక్షన్ పెడతారు, అది బెయిల్ వచ్చే నేరం. పారిపోతే కోర్టులో అదే ముందు కనిపిస్తుంది.

మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ డ్రైవర్ ఏం చెయ్యాలో చెప్తుంది: దెబ్బ తగిలినవాళ్లని ఆస్పత్రికి చేర్చాలి, పోలీసులకి చెప్పాలి, ఇన్సూరెన్స్ కంపెనీకి తెలపాలి. జనం మీదికొచ్చి సాధ్యం కాకపోతే అన్న మాట కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది, చట్టం రాసినవాళ్లకీ మీ పరిస్థితి తెలుసు. కాబట్టి బండి ఆపు, ఇండికేటర్లు వెయ్యి, క్యాబిన్‌లోనే ఉండి 108కీ 112కీ ఫోన్ కొట్టు, కిలోమీటరు రాయి నంబరు చెప్పు. దిగగలిగితే దిగి చూడు. జనం రాళ్లు తీశారు, ప్రాణానికి ముప్పు అనిపిస్తే అక్కడి నుంచి నేరుగా దగ్గర్లో స్టేషన్‌కి పో, దాబాకి కాదు, ఓనరు ఇంటికి కాదు. 24 గంటల లోపు అంటుంది చట్టం గానీ నువ్వు గంటలోపు పో. నీ ఫోన్‌లో 112కి చేసిన కాల్ టైం ఉంటుంది చూడు, నువ్వు మనిషిని రోడ్డు మీద వదిలేసి పోలేదనడానికి అదే సాక్ష్యం.

బండి సీజ్ చేస్తారు, బ్రేక్ ఇనస్పెక్టర్ చూశాక కోర్టు ద్వారా ఓనరు విడిపించుకుంటాడు, అది ఆయన తలనొప్పి. నీ బదులు ఇంకో డ్రైవర్‌ని పెడదాం అని ఓనరు అంటే మాత్రం ఒప్పుకోవద్దు, దానికి నువ్వూ ఇరుక్కుంటావు, దెబ్బ తగిలినవాళ్ల క్లెయిమూ ఇరుక్కుంటుంది. హెవీ లైసెన్స్ రెన్యువల్, ఫిట్‌నెస్, పర్మిట్ ఈ మూడూ ఫోన్‌లో పెట్టుకో. బ్రేకులు సరిగ్గా పట్టడంలేదని ఓనరుకి చెప్పినప్పుడల్లా నోటితో కాకుండా వాట్సాప్‌లో వాయిస్ పెట్టు.

నీకే దెబ్బ తగిలితే, తప్పు నీదైనా సరే పని మీద ఉండగా జరిగింది కాబట్టి ఉద్యోగుల పరిహారం ఉంటుంది (ముందు 1923 నాటి చట్టం కింద, 2025 నవంబరు నుంచి దాని బదులు వచ్చిన సామాజిక భద్రత కోడ్ కింద), క్లీనర్‌కి కూడా. లేబర్ ఆఫీసులో రెండేళ్లలోపు అర్జీ పెట్టాలి. తప్పు ఎదుటి బండిదైతే ట్రిబ్యునల్‌కి పోవచ్చు, రెండిట్లో ఏదో ఒకటే ఎంచుకోవాల.

మా ఊరి ఆడకూలీలు 14 మంది కొండపి నుంచి పొగాకు పని చేసి లోడు లారీ మీద ఎక్కి వస్తుంటే లారీ బోల్తా పడింది, ముగ్గురికి చేతులు విరిగాయి. ఇన్సూరెన్స్ వస్తుందా?

ఇది చెప్పడానికి నాకే మనసొప్పదు. సరుకు లారీలో ఊరికే ఎక్కించుకున్న మనుషులకి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ వర్తించదని సుప్రీంకోర్టు 2003లోనే చెప్పింది. సరుకు యజమాని, లేదా సరుకు వెంట వచ్చిన ఆయన మనిషి అయితే ఉంటుంది, లారీ ఓనరు పెట్టుకున్న లోడింగ్ కూలీలైతే పాలసీలో వాళ్లకి ప్రీమియం కట్టి ఉంటే ఉంటుంది. కాబట్టి వీళ్లని లారీ ఎక్కించింది ఎవరు, ఏ పని మీద, సరుకు ఎవరిది అనేది మొదటి ఫిర్యాదులోనే నిజం నిజంగా రాయించండి. ఏదీ కాకపోయినా లారీ ఓనరు మీద క్లెయిమ్ ఉంటుంది, కొన్ని కేసుల్లో కంపెనీనే ముందు కట్టి తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు అన్నాయి. వేరే బండి తప్పు వల్ల లారీ బోల్తా పడి ఉంటే ఆ బండి ఇన్సూరెన్స్ మీద పూర్తి హక్కుంది, అది కనుక్కోండి.

నేను ఒంగోలులో ఇంజనీరింగ్ స్టూడెంట్‌ని. రోడ్డు మీద ప్రమాదం చూసి ఆగితే మనల్నే సాక్షిగా తిప్పుతారని ఇంట్లో భయపెడతారు. నిజమేనా?

ఒకప్పుడు నిజమే. ఇప్పుడు మోటారు వాహనాల చట్టంలో 134ఏ అని ఉంది, మంచి మనసుతో సాయం చేసినవాళ్ల మీద కేసు పెట్టడానికి లేదు, పేరు, అడ్రసు చెప్పమని బలవంతపెట్టడానికి లేదు, ఆస్పత్రిలో నిన్ను ఆపి డబ్బు కట్టమనడానికీ లేదు. సాక్షిగా ఉండాలా వద్దా నీ ఇష్టం, ఉంటానంటే వాళ్లకి ఎంత మేలో పైన చెల్లెమ్మ ఉత్తరం చదివితే తెలుస్తుంది. తీవ్రంగా గాయపడినవాళ్లని మొదటి గంటలో ఆస్పత్రికి చేర్చినవాళ్లకి రాహ్‌వీర్ అని 25 వేలు ఇచ్చే స్కీము కూడా 2025లో పెట్టారు.

ఆగినప్పుడు ముందు 108, హైవే అయితే 1033 కూడా. మెడ విరిగి ఉండొచ్చు, ఆటోలోకి మడిచి ఎక్కించొద్దు, అంబులెన్స్ వచ్చేదాకా వెనకొచ్చే బండ్లకి కనిపించేట్టు ఫోన్ టార్చి ఊపుతూ నిలబడు. రెండు బండ్ల నంబర్లు ఫోటో తీయి, ట్రైలర్ అయితే వెనక తొట్టికి నంబరు వేరే ఉంటుంది, అదీ తీయి. ఆస్పత్రిలో రాసుకునే వాళ్లు ఏం జరిగింది అని అడుగుతారు, నువ్వు చూసింది చూసినట్టు చెప్పు, లారీ గుద్దింది అని, నంబరుతో సహా రాయించి ఆ లైను ఒకసారి చదివి చూసుకోని అప్పుడు బయటికి రా.